పాత ప్రోగ్ రాక్ ఆల్బమ్‌ల 5.1 రీమిక్స్: ఇంట్లో సరిగ్గా వినడం ఎలా?

“బ్లూ-రే కొన్నాను, ఐదు స్పీకర్లూ మోగుతున్నాయి, అయినా అందరూ చెప్పుకునేంత తేడా నాకేమీ తెలియడం లేదు.” ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, క్లిష్టమైన పాటల రాక్ శైలి, పొట్టిగా ప్రోగ్) ఆల్బమ్‌ల సరౌండ్ రీమిక్స్‌ల (శబ్దం చుట్టూ నుంచి వచ్చేలా కొత్తగా కలిపినవాటి) గురించి మాట్లాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉన్నారు. వెనక స్పీకర్లు అసలు వినపడవని కొందరు, గొంతు సన్నగా వస్తోందని కొందరు. ఇంకొందరైతే స్టీరియోనే నయమని మళ్లీ దానికే వెళ్లిపోయారు.

వాళ్లందరినీ నేను మొదట అడిగేది ఒకటే: పాట నడుస్తున్నప్పుడు మీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దాన్ని పంచే యాంప్లిఫయర్ పెట్టె) డిస్‌ప్లే మీద ఏం కనిపిస్తోంది? చాలామంది విషయంలో తేలిందేమిటంటే, అసలు 5.1 మిక్స్ (ఐదు స్పీకర్లకూ, ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడి చానళ్లు ఉన్నది) ఆ స్పీకర్లదాకా రానే లేదు. డిస్క్ నుంచి స్టీరియో ట్రాక్ వస్తుంటే, రిసీవర్ దాన్నే ఐదు స్పీకర్లకూ పంచిపెడుతోంది. నాకూ ఇదే జరిగింది. కింగ్ క్రిమ్సన్ బ్యాండు ‘రెడ్’ ఆల్బమ్‌ని మూడు వారాలపాటు సరౌండ్ అనుకునే విన్నాను. ప్లేయర్‌లో ఒక సెట్టింగ్ స్టీరియోలో ఉండిపోయిందని తెలుసుకుని మార్చాక, అందులోని ‘స్టార్‌లెస్’ పాట నడిచిన పన్నెండు నిమిషాలూ కుర్చీలోంచి కదలలేకపోయాను. మీకు ఆ మూడు వారాలు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

సిద్ధాంతం ఇంతే

1960ల చివర్లో, 1970ల తొలి సగంలో ఈ ఆల్బమ్‌లను 8, 16, 24 ట్రాకుల టేపుల మీద రికార్డు చేశారు. డ్రమ్స్‌కి కొన్ని ట్రాకులు, బేస్ గిటార్‌కి ఒకటి, గొంతుకు ఒకటి, మెలోట్రాన్‌కి (టేపు మీది వాయిద్య స్వరాలను పలికించే కీబోర్డు) ఒకటి, ఇలా. వాటన్నిటినీ కలిపి రెండు చానళ్లకు కుదిస్తే మనకు తెలిసిన స్టీరియో ఎల్‌పీ వచ్చింది. సరౌండ్ రీమిక్స్ చేసేవాళ్లు ఆ స్టీరియోను సాగదీయరు. మళ్లీ మల్టీట్రాక్ టేపుల దగ్గరికే వెళ్లి, ఒక్కొక్క వాయిద్యాన్నీ తీసుకుని మీ చుట్టూ కొత్తగా అమరుస్తారు.

ఈ పనిలో ఎక్కువగా వినిపించే పేరు ఇంగ్లండ్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్. 2009లో మొదలైన కింగ్ క్రిమ్సన్ 40వ వార్షికోత్సవ సిరీస్‌తో ఆయన ఈ దారిలోకి వచ్చారు. తర్వాత జెత్రో టల్, యెస్, జెంటిల్ జెయింట్, క్యారవాన్ బ్యాండ్ల ఆల్బమ్‌లు చేశారు. జెనెసిస్ ఆల్బమ్‌లు నిక్ డేవిస్ చేశారు, పింక్ ఫ్లాయిడ్‌వి జేమ్స్ గత్రీ. ‘ట్యూబులర్ బెల్స్’ 2009 సరౌండ్ మిక్స్‌ను మైక్ ఓల్డ్‌ఫీల్డ్ స్వయంగా చేసుకున్నారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ట్రాకులు తక్కువైన రోజుల్లో రెండు మూడు వాయిద్యాలను కలిపి ఒకే ట్రాక్‌లోకి ఎక్కించేవాళ్లు. ముందరి టేపు దొరకకపోతే వాటిని మళ్లీ విడదీసి వేర్వేరు చోట్ల పెట్టడం కష్టం. కాబట్టి ఎక్కడైనా రెండు వాయిద్యాలు ఒకేచోట అతుక్కుని వినిపిస్తే, వెంటనే మీ సిస్టమ్‌ను అనుమానించకండి.

కావలసినవి

- ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (కింది స్వరాలు మాత్రమే పలికించే పెద్ద స్పీకర్). ఐదూ ఒకే సిరీస్‌వైతే మంచిది. కుదరకపోతే ముందు రెండూ ఒకే మోడల్, వెనక రెండూ ఒకే మోడల్ ఉండేలా చూసుకోండి.
- హెచ్‌డీఎంఐ ఉన్న ఏవీ రిసీవర్.
- మీ డిస్క్‌ను చదవగల ప్లేయర్. (దీని గురించి మొదటి మెట్టులో చెబుతాను, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.)
- కొలత టేపు, నాలుగైదు మీటర్ల దారం.
- శబ్దం డెసిబెల్స్‌లో చూపించే మీటర్, లేదా ఫోన్‌లో అలాంటి యాప్. ఫోన్ చూపించే అంకె ఖచ్చితమైనది కాకపోయినా ఫరవాలేదు. ఒక స్పీకర్‌ను ఇంకోదానితో పోల్చడానికి అది చాలు.
- తీరిగ్గా ఒక సాయంత్రం.

ఖరీదైన స్పీకర్లు ఉండాలనేమీ లేదు. సరిగ్గా అమర్చిన ఐదు చిన్న షెల్ఫ్ స్పీకర్లు, గోడ మూలల్లో ఇరికించిన పెద్ద స్పీకర్ల కంటే ఈ మిక్స్‌లను చాలా బాగా వినిపిస్తాయి.

మెట్టు 1: మీ దగ్గరున్నది ఏ డిస్క్?

పెట్టె వెనక చూడండి. “రీమాస్టర్” అని మాత్రమే ఉంటే అది సరౌండ్ కాదు. “5.1” అని స్పష్టంగా ఉండాలి. రకాలు ఇవి:

బ్లూ-రే. అన్నిటికంటే సులువు. ఏ బ్లూ-రే ప్లేయరైనా చాలు. యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ 2013లో ఇలా వచ్చింది.

డీవీడీ-ఆడియో. కింగ్ క్రిమ్సన్ సిరీస్ మొదట సీడీతో పాటు ఈ రూపంలోనే వచ్చింది. పూర్తి నాణ్యత ఉన్న ట్రాక్ వినాలంటే డీవీడీ-ఆడియోను గుర్తించే ప్లేయర్ కావాలి. అది లేకపోయినా దిగులు పడకండి. ఈ సిరీస్ డిస్కుల్లో మామూలు డీవీడీ ప్లేయర్ చదవగల డీటీఎస్ (కుదించిన సరౌండ్ రూపం) 5.1 ట్రాక్ కూడా పెట్టారు. మిక్స్ అదే, కంప్రెషన్ మాత్రమే తేడా. మొదట దానితో వినండి, నచ్చాక ప్లేయర్ సంగతి ఆలోచించవచ్చు.

ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ). పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 5.1 మిక్స్ 2003లో ఈ రూపంలో వచ్చింది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ డిస్క్ మామూలు సీడీ ప్లేయర్‌లో కూడా హాయిగా ఆడుతుంది, కానీ అప్పుడు మీరు వినేది సీడీ పొరలోని స్టీరియోనే. చాలా బ్లూ-రే ప్లేయర్లు కూడా ఎస్ఏసీడీని చదవవు. కొనేముందు ప్లేయర్ వివరాల్లో ఎస్ఏసీడీ మల్టీచానల్ ఉందో లేదో చూడండి.

స్ట్రీమింగ్. డాల్బీ అట్మాస్ (శబ్దాన్ని చుట్టూనే కాక పైన కూడా అమర్చగల సరౌండ్ పద్ధతి) మిక్స్‌లు యాపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి దొరుకుతున్నాయి, టైడల్, అమెజాన్ మ్యూజిక్‌లలోనూ ఉన్నాయి. అయితే ఒకే ఆల్బమ్‌కు రెండు మూడు వేర్వేరు సరౌండ్ మిక్స్‌లు ఉండవచ్చు. ‘డార్క్ సైడ్’నే తీసుకోండి: 1973లో అలన్ పార్సన్స్ చేసిన నాలుగు చానళ్ల క్వాడ్ మిక్స్ ఒకటి, 2003లో జేమ్స్ గత్రీ 5.1 ఒకటి, 2023లో వచ్చిన అట్మాస్ ఒకటి. ఎవరైనా “ఆ పాటలో ఫలానా శబ్దం వెనక నుంచి వస్తుంది” అంటే, ఏ మిక్స్ గురించి అంటున్నారో ముందు అడగండి.

మెట్టు 2: స్పీకర్లు ఎక్కడ పెట్టాలి

మీరు కూర్చునే చోటు నుంచి కొలవడం మొదలుపెట్టండి. గది మధ్య నుంచి కాదు, టీవీ నుంచి కాదు, మీ తల నుంచి.

ముందు రెండు స్పీకర్లూ, మీ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల మధ్య 2 మీటర్లు ఉంటే మీ తలకూ ప్రతి స్పీకర్‌కూ మధ్య 2 మీటర్లే ఉండాలి. కుర్చీ వెనక దారం ఒక కొన కట్టి 2 మీటర్ల దగ్గర ముడి వేయండి. ఆ ముడి ఎక్కడెక్కడికి అందుతుందో అదే మీ స్పీకర్ల వలయం. సెంటర్ స్పీకర్ కూడా ఆ వలయం మీదే, సరిగ్గా ఎదురుగా.

వెనక స్పీకర్ల దగ్గరే అందరూ తడబడతారు. అవి నిజానికి పూర్తిగా వెనక ఉండకూడదు. ఎదురుగా ఉన్న సెంటర్‌ను సున్నా అనుకుంటే, ఇరువైపులా 110 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే చెవులకు కాస్త వెనగ్గా, పక్కల. డిగ్రీలు కొలవడం ఎందుకు, 2 మీటర్ల వలయానికి లెక్క చెబుతాను: మీ తల నుంచి నేరుగా పక్కకు 190 సెంటీమీటర్లు, అక్కడి నుంచి వెనక్కి 70 సెంటీమీటర్లు. అక్కడ పెట్టి మీ వైపు తిప్పండి.

ఎత్తు: స్పీకర్‌లో పైనుండే చిన్న ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. సినిమా హాల్లో లాగా గోడ పైభాగంలో, కప్పు దగ్గర పెట్టకండి. సినిమాల్లో వెనక స్పీకర్లు ఎక్కువగా వాన చప్పుడు, జనం సందడి వంటివి మోస్తాయి. ఈ మిక్స్‌లలో అక్కడ గిటార్ ఉంటుంది, మెలోట్రాన్ ఉంటుంది, గొంతుల కోరస్ ఉంటుంది. వాటిని కప్పు మీద నుంచి వింటే బ్యాండు రెండు ముక్కలైపోతుంది.

సోఫా గోడకు ఆనుకుని ఉంటే? వినే గంట సేపైనా అర మీటరు ముందుకు లాగండి. అసలు కుదరదంటే వెనక స్పీకర్లను సరిగ్గా చెవుల పక్కన, 90 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. అదే గోడకు, తల వెనక పెట్టడం మాత్రం వద్దు.

సెంటర్ స్పీకర్ లేదా? లేక, ఉన్నా మిగతావాటితో పొంతన లేని చిన్నదా? అలాంటప్పుడు అది లేకుండా వినడమే మేలని నా అభిప్రాయం. కానీ వైరు పీకేసి ఊరుకోకండి. అలా చేస్తే సెంటర్ చానల్‌లో ఉన్నదంతా, కొన్ని మిక్స్‌లలో ముఖ్య గొంతు సహా, వినపడకుండా పోతుంది. రిసీవర్ మెనూలో సెంటర్ “లేదు” అని పెట్టండి. అప్పుడు ఆ చానల్‌ను ముందు రెండు స్పీకర్లకూ సమంగా పంచుతుంది. మీరు మధ్యలో కూర్చున్నంతవరకు గొంతు ఎదురుగానే వినిపిస్తుంది.

మెట్టు 3: వైర్లు

ప్రతి స్పీకర్‌కూ ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు కలిపారా చూసుకోండి. ఒక్కటి తారుమారైతే చాలు, బేస్ పలచబడి గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

ప్లేయర్ నుంచి రిసీవర్‌కు నేరుగా హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి. ఆప్టికల్ కేబుల్ వాడితే డీటీఎస్, డాల్బీ డిజిటల్ 5.1 మాత్రమే వెళ్తాయి. కంప్రెషన్ లేని 5.1 పీసీఎం దానిలో పట్టదు, రెండు చానళ్లే వెళ్తాయి. ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే శబ్దాన్ని వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవర్‌కు తెచ్చుకున్నా ఇదే చిక్కు. దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ ఉంటే మాత్రం ఆ ఇబ్బంది ఉండదు. నేరుగా కలపడానికి వీలున్నప్పుడు టీవీని మధ్యలోకి తేకండి.

మెట్టు 4: రిసీవర్‌కు మీ గదిని చెప్పడం

ముందు రిసీవర్‌తో పాటు వచ్చిన మైకుతో ఆటోమేటిక్ సెటప్ నడపండి. మైకును మీ తల ఉండే చోట, చెవి ఎత్తులో, స్టాండు మీద పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా మీద పడుకోబెట్టవద్దు. అయిపోయాక ఫలితాలను చేత్తో ఒకసారి తనిఖీ చేయండి, గుడ్డిగా నమ్మవద్దు.

సైజు: స్పీకర్లన్నీ “స్మాల్”, క్రాసోవర్ (ఏ స్వరం నుంచి కిందివి సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్. ఆటో సెటప్ పెద్ద స్పీకర్లను తరచు “లార్జ్” అని పెట్టేస్తుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి కింది స్వరం సుమారు 41 హెర్ట్జ్. మామూలు షెల్ఫ్ స్పీకర్ దాన్ని పూర్తి బలంతో పలికించలేదు. “స్మాల్” పెడితే ఆ భాగాన్ని సబ్‌వూఫర్ తీసుకుంటుంది. సబ్‌వూఫర్ లేకపోతే “లేదు” అని చెప్పి ముందు రెండింటినీ “లార్జ్” చేయండి.

దూరం: టేపుతో కొలిచిన దూరానికి రిసీవర్ చూపించేది దగ్గరగా ఉండాలి. శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. దగ్గరున్న స్పీకర్‌ను ఆ లెక్కన ఆపి వదలడమే ఈ సెట్టింగ్ పని. సబ్‌వూఫర్ దూరం మాత్రం టేపు కంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి. దాని లోపలి సర్క్యూట్ వల్ల వచ్చే ఆలస్యాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది.

లెవెల్: ఇది అన్నిటికంటే ముఖ్యం. రిసీవర్‌లోని టెస్ట్ టోన్ పెట్టి, మీ తల ఉండే చోట మీటర్ పట్టుకుని, ఐదు స్పీకర్లూ ఒకే అంకె చూపించేదాకా సర్దండి. మామూలుగా 75 డెసిబెల్స్ దగ్గర పెడతారు. గట్టిగా అనిపిస్తే 70 అయినా ఫరవాలేదు, ఐదూ సమానంగా ఉండటమే కావాలి. సబ్‌వూఫర్ విషయంలో ఫోన్‌ను నమ్మకండి. ఫోన్ మైకులు కింది స్వరాలను సరిగా పట్టలేవు, అక్కడ ఆటో సెటప్ చెప్పినదే ఉంచండి.

వెనక స్పీకర్లను “ఇంకొంచెం వినపడాలి” అని రెండు మూడు డెసిబెల్స్ పెంచాలనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది. దయచేసి వద్దు. మిక్స్ చేసినవాళ్లు ఐదూ సమానంగా ఉన్న గదిలో కూర్చుని తూకం వేశారు. వెనక పెంచితే ఒక పాటలో బాగుంటుంది, తర్వాతి పాటలో నేపథ్య గొంతు ముఖ్య గొంతును మింగేస్తుంది.

చివరగా ఆపేయాల్సినవి: నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్, వాల్యూమ్ లెవెలర్. ఈ సంగీతం బతికేదే మెల్లగా మొదలై ఒక్కసారిగా ఎగసే తీరు మీద. ఆ ఎత్తుపల్లాలను చదును చేసే ఏ సెట్టింగూ ఉండకూడదు. తక్కువ వాల్యూమ్‌లో వెనక స్పీకర్లను తనంతట తాను పెంచే సెట్టింగ్ కొన్ని రిసీవర్లలో ఉంటుంది, దాన్నీ ఆపండి.

మెట్టు 5: ప్లేయర్ సెట్టింగ్స్

డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను “బిట్‌స్ట్రీమ్”లో (డిస్క్‌లోని సిగ్నల్‌ను విప్పకుండా రిసీవర్‌కు పంపేది) పెట్టండి. “పీసీఎం” (ప్లేయరే విప్పి పంపేది) పెట్టినా హెచ్‌డీఎంఐలో 5.1 వెళ్తుంది, కానీ పక్కనే “డౌన్‌మిక్స్” లేదా “2 చానల్” అన్నది ఎంచుకుని లేదని చూసుకోండి. నా మూడు వారాలు తినేసిన సెట్టింగ్ ఇదే.

బ్లూ-రే ప్లేయర్లలో “సెకండరీ ఆడియో” లేదా “బీడీ ఆడియో మిక్స్” అనేది ఒకటి ఉంటుంది. ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంటే పూర్తి నాణ్యత ట్రాక్‌కు బదులు కంప్రెస్ చేసినది వెళ్తుంది.

ఎస్ఏసీడీ అయితే “మల్టీచానల్” పొర ఎంచుకోండి, చాలా ప్లేయర్లలో మొదటి నుంచీ ఉండేది స్టీరియో. డీవీడీ-ఆడియో అయితే డిస్క్‌ను “డీవీడీ-వీడియో”గా కాక “డీవీడీ-ఆడియో”గా చదవమని చెప్పే సెట్టింగ్ వెతకండి.

హెచ్చరిక: డీటీఎస్ సిగ్నల్‌ను అర్థం చేసుకోలేని పరికరం దాన్ని మామూలు సంగీతం అనుకుంటే, “హిస్స్” మని పెద్ద రొద మాత్రమే వస్తుంది. అది స్పీకర్లకూ చెవులకూ మంచిది కాదు. కొత్తగా కలిపినప్పుడు మొదటిసారి ఎప్పుడూ వాల్యూమ్ బాగా తగ్గించి ప్లే నొక్కండి.

కంప్యూటర్ నుంచి వినేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐని రిసీవర్‌కు కలిపి, సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్లను “5.1”గా మార్చాలి. అది స్టీరియోలో ఉంటే ఎంత మంచి మల్టీచానల్ ఫైల్ అయినా రెండు చానళ్లకు కుదిరిపోతుంది. అక్కడే ఉండే “టెస్ట్” బటన్ నొక్కి, ఏ స్పీకర్ పేరు వెలిగితే ఆ స్పీకరే మోగుతోందా చూసుకోండి.

మెట్టు 6: వస్తున్నది అసలైన 5.1 అవునా? ఖాయం చేసుకోండి

ఈ మెట్టు దాటకుండా వినడం మొదలుపెట్టవద్దు.

ముందు డిస్క్ మెనూలోకి వెళ్లండి. ప్లే నొక్కగానే మొదలయ్యేది స్టీరియో ట్రాక్ కావచ్చు. “ఆడియో” పేజీలో 5.1 అని ఉన్నది ఎంచుకోండి. టీవీ లేకుండా వినే అలవాటున్నా మొదటిసారి టీవీ పెట్టుకోండి.

తర్వాత రిసీవర్ డిస్‌ప్లే. “డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో”, “డాల్బీ ట్రూహెచ్‌డీ”, “మల్టీ చానల్ ఇన్”, ఎస్ఏసీడీకి “డీఎస్‌డీ మల్టీ” లాంటివి కనిపిస్తే సరే. “ఆల్ చానల్ స్టీరియో”, “న్యూరల్ ఎక్స్”, “డాల్బీ సరౌండ్”, “హాల్”, “రాక్ కన్సర్ట్” లాంటివి కనిపిస్తే రిసీవర్ తన సొంత కవిత్వం జోడిస్తోందన్నమాట. సౌండ్ మోడ్‌ను “స్ట్రెయిట్” లేదా “డైరెక్ట్” లాంటి మామూలు మోడ్‌కు మార్చండి. “ప్యూర్ డైరెక్ట్” అనేదాన్ని మాత్రం చూసి వాడండి. కొన్ని రిసీవర్లలో అది నాలుగో మెట్టులో మీరు చేసిన సర్దుబాట్లను కూడా పక్కన పెట్టేస్తుంది.

ఇక చెవి పరీక్ష. డిస్‌ప్లే కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. బ్యాండు మొత్తం వాయిస్తున్న చోట పాట ఆడనిచ్చి, లేచి వెళ్లి వెనక ఎడమ స్పీకర్‌కు చెవి దగ్గరగా పెట్టండి.

- పాట మొత్తం, డ్రమ్స్, బేస్, గొంతు అన్నీ చిన్నగా వినిపిస్తుంటే: మీరు వింటున్నది స్టీరియోనే, రిసీవర్ పంచుతోంది.
- ఒకటో రెండో వాయిద్యాలు మాత్రమే స్పష్టంగా వినిపించి, మిగతావి లేకపోయినా, దూరంగా ప్రతిధ్వనిలా ఉన్నా: ఇదే అసలైన రీమిక్స్.
- ఏమీ వినపడకపోతే: ఇంకో రెండు నిమిషాలు ఆగి చూడండి, ఆ భాగంలో అక్కడ ఏమీ లేకపోవచ్చు. అప్పటికీ లేకపోతే వైరు చూడండి.

తర్వాత వెనక కుడి స్పీకర్ దగ్గరికి వెళ్లండి. ఎడమదానిలో లేని వాయిద్యం ఇక్కడ ఉంటే ఇక నిశ్చింతగా కుర్చీలో కూర్చోవచ్చు.

మెట్టు 7: మొదటిసారి ఏం వినాలి, ఎలా వినాలి

మొదటి ఆల్బమ్‌గా నేను ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ చెబుతాను. 1972 నాటి ఈ ఆల్బమ్‌లో తొలి పాటే దాదాపు 19 నిమిషాలు. పక్షుల కూతలు, నీటి శబ్దం మెల్లగా పెరుగుతూ వచ్చి, హఠాత్తుగా బ్యాండంతా విరుచుకుపడుతుంది. ఆ శబ్దాలు మీ చుట్టూ ఒకే చోటులా కలిసిపోవాలి. ఐదు డబ్బాల్లోంచి ఐదు ముక్కలుగా వినిపిస్తే దూరం సెట్టింగో లెవెలో తేడాగా ఉందని అర్థం. పాట మధ్యలో అంతా నెమ్మదించి, గొంతులు ఒకదానిపై ఒకటి తేలుతూ చర్చి ఆర్గాన్ వచ్చే చోటు ఉంది. అక్కడ కింది స్వరాలు గదిని నింపాలి గానీ, సబ్‌వూఫర్ ఉన్న మూల నుంచి వస్తున్నట్టు తెలియకూడదు. తెలిస్తే దాని లెవెల్ రెండు డెసిబెల్స్ తగ్గించి చూడండి.

రెండో ఆల్బమ్ కింగ్ క్రిమ్సన్ ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’, 1969. వాల్యూమ్ విషయంలో జాగ్రత్త! మొదటి పాట ఏదో గాలి వీస్తున్నట్టు దాదాపు వినపడనంత మెల్లగా మొదలవుతుంది. ఇక్కడ “శబ్దం రావడం లేదే” అని వాల్యూమ్ పెంచితే, గిటార్, శాక్సఫోన్ కలిసి ఒక్కసారిగా దూకినప్పుడు ఉలిక్కిపడతారు. బ్యాండు మొదలయ్యాకే వాల్యూమ్ సర్దుకుని, పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టండి. ‘మూన్‌చైల్డ్’లో చాలాసేపు చిన్న చిన్న శబ్దాలు మాత్రమే ఉండే భాగం వస్తుంది. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఎంత రొద చేస్తున్నాయో మీకు అక్కడ తెలుస్తుంది. ఆపగలిగినవి ఆపండి.

‘డార్క్ సైడ్’ ఉంటే ‘మనీ’ పాట మొదట్లోని నాణేలు, క్యాష్ రిజిస్టర్ చప్పుళ్లు స్పీకర్ల సరి చూడటానికి చక్కటి పరీక్ష. అవి ఒక స్పీకర్ నుంచి ఇంకో స్పీకర్‌కు వెళ్తుంటే ప్రతిచోటా ఒకే బలంతో, ఒకే రంగుతో వినపడాలి. ఒక మూలలో మందగిస్తే ఆ స్పీకర్ లెవెల్ చూడండి. వెళ్లే దారిలో ఒక చోటు నుంచి ఎదురు మూలకు గెంతినట్టుంటే వెనక రెండు వైర్లూ తారుమారయ్యాయేమో చూసుకోండి.

పరీక్షలు అయ్యాక, ఆల్బమ్ మొత్తాన్ని వరుసలో, మధ్యలో ఆపకుండా, ఒకే చోట కూర్చుని వినండి. జెత్రో టల్ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ రెండు వైపులా ఒకే పాట. దాన్ని ముక్కలుగా వింటే అమరిక ఎటు నుంచి ఎటు కదిలిందో తెలియదు. ఫైళ్ల ద్వారా వినేవాళ్లు “గ్యాప్‌లెస్” ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ‘డార్క్ సైడ్’లో పాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ఆ మంత్రం తెగిపోతుంది.

పాత స్టీరియోతో పోలిక మొదటి రోజే పెట్టుకోవద్దు. ఇరవై ఏళ్లుగా విన్న తూకం చెవికి పట్టేసి ఉంటుంది, కొత్తది తప్పులా వినిపించడం సహజం. రెండు మూడు సార్లు పూర్తిగా విన్నాక పోల్చండి. అప్పుడు కూడా రెండింటినీ ఒకే బిగ్గరతనానికి తెచ్చి పోల్చండి, కాస్త గట్టిగా ఉన్నదే మనకు మంచిదిగా అనిపిస్తుంది. అన్నీ చేశాక కూడా ఏదో ఒక ఆల్బమ్‌లో మీకు స్టీరియోనే నచ్చితే నచ్చనివ్వండి. ఆ రోజుల్లో బ్యాండు ఆమోదించి విడుదల చేసినది అదే కదా.

ఏదో తేడాగా ఉంది, ఎక్కడ చూడాలి?

గొంతు లేదు, లేదా ఎక్కడో దూరంగా ఉంది. సెంటర్ స్పీకర్ మోగడం లేదు. టెస్ట్ టోన్ పెట్టి చూడండి. స్పీకర్ లేకపోతే మెనూలో “లేదు” అని పెట్టారా?

డ్రమ్ దెబ్బ రెండుసార్లు పడినట్టుంది. దూరాలు తప్పు. లేదా టీవీ స్పీకర్లు కూడా మోగుతున్నాయి, వాటిని ఆపండి.

వెనక నుంచి వచ్చేది వేరే గదిలో వాయిస్తున్నట్టుంది. స్పీకర్లు చాలా ఎత్తులోనో, సోఫా వెనక దాక్కునో ఉన్నాయి. కూర్చున్న చోటు నుంచి స్పీకర్ ముఖం మీకు కనిపించాలి.

బేస్ ఒక స్వరంలో గుమ్ముమని, ఇంకో స్వరంలో మాయమవుతోంది. ఇది గది చేసే పని. ముందు కుర్చీని ఒక అడుగు ముందుకో వెనక్కో జరపండి, తర్వాత సబ్‌వూఫర్‌ను గోడ వెంట జరపండి. ఈక్వలైజర్ జోలికి చివర్లో వెళ్లండి. కుర్చీ జరిపితే ముందు చెప్పిన కొలతలన్నీ మళ్లీ చూసుకోవాలి, విసుగే అయినా తప్పదు.

పాత డీవీడీ-ఆడియో ప్లేయర్‌ను ఆరు అనలాగ్ కేబుళ్లతో కలిపితే బేస్ పలచగా ఉంది. ఆ ఇన్‌పుట్‌కు చాలా రిసీవర్లు క్రాసోవర్ వర్తింపజేయవు. స్పీకర్ సైజు, దూరం ప్లేయర్ మెనూలోనే పెట్టాలి.

హెడ్‌ఫోన్స్‌తో కుదరదా?

కొంతవరకు కుదురుతుంది. స్ట్రీమింగ్‌లో అట్మాస్ మిక్స్‌ను హెడ్‌ఫోన్స్‌కు తగ్గట్టు మార్చి ఇస్తారు. తల తిప్పితే శబ్దం కూడా తిరిగే “హెడ్ ట్రాకింగ్”ను ఆపుకుని వినండి, సంగీతానికి అది అడ్డమే. వాయిద్యాలు విడివిడిగా, విశాలంగా వినిపిస్తాయి. కానీ నిజంగా వెనక నుంచి వస్తున్న భావన మనిషి మనిషికీ మారుతుంది. కొందరికి బాగా తెలుస్తుంది, నాకు అంతగా తెలియదు. కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో విని “సరౌండ్ ఇంతేనా” అని తేల్చేయకండి. వీలైతే ఎవరి ఇంట్లోనైనా ఐదు స్పీకర్ల మధ్య ఒక్క ఆల్బమ్ వినండి.

అంతా కుదిరాక చివరి పని: ప్రతి స్పీకర్ దూరం, లెవెల్, క్రాసోవర్, సౌండ్ మోడ్, ప్లేయర్ సెట్టింగ్స్ ఒక కాగితం మీద రాసి రిసీవర్ కింద పెట్టండి. కుర్చీ కాళ్లు ఉండే చోట నేల మీద చిన్న టేపు ముక్కలు అంటించండి. ఎవరో రిమోట్ నొక్కినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నీ చెరిపేసినా, పది నిమిషాల్లో మళ్లీ మీ చోటికి మీరు వచ్చేస్తారు.